స్కోరు 3 వచ్చింది, ఆ మూడూ అసలు దెబ్బలు కావు: ఒక గుత్తికోయ పాప కేసు

నేను గోదావరి పక్కన ఏజెన్సీ ఏరియాలో పనిచేసే క్లినికల్ సైకాలజిస్ట్‌ని. ఈ కేసు కొన్నేళ్ళ కిందటిది. వాళ్ళమ్మ సరే అన్నాకే రాస్తున్నా. అయినా వయసు, ఊరు, ఇంట్లో ఎంతమంది, ఏది ఏ నెలలో జరిగింది, ఇవన్నీ మార్చేశాను, ఒకట్రెండు వివరాలు వేరే కేసుల్లోంచి తెచ్చి కలిపాను, కాబట్టి ఎవరో పోల్చుకోవాలని చూడకండి. ఫిట్స్ అని వచ్చే పిల్లల్ని చూసేవాళ్ళకి, హాస్టల్ టీచర్లకి, చిన్నప్పటి కష్టాల మీద ఫారాలు పట్టుకుని ఏజెన్సీలో తిరిగే మాలాంటోళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

ముందు ఆ కుటుంబం ఎక్కడిదో చెప్పాలి

2005లో ఛత్తీస్‌గఢ్‌లో, అప్పటి దంతేవాడ జిల్లాలో సల్వా జుడుం మొదలైంది, అంటే ప్రభుత్వ అండతో ఊరివాళ్ళ చేతికే ఆయుధాలిచ్చిన ఏర్పాటు. మావోయిస్టుల మీద అని మొదలుపెట్టారు గానీ, ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి, కొందరిని రోడ్డు పక్కన క్యాంపుల్లో పెట్టారు, క్యాంపుకి పోనివాళ్ళు అటు వాళ్ళకీ ఇటు వాళ్ళకీ అనుమానమే. వేల కుటుంబాలు అడవిలో నడుచుకుంటూ ఇటు ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చేశాయి. 2011 జులైలో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటు రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది, కానీ అప్పటికే ఇక్కడ గుడిసెలు వేసుకుని, పోడు కొట్టుకుని, మిరప కోతలకి పోతూ బతుకుతున్నవాళ్ళు వెనక్కి పోలేదు. మనవాళ్ళు వీళ్ళని గుత్తికోయలంటారు.

ఇక్కడో చిక్కుంది, బయటివాళ్ళకి అంతగా తెలీదు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, అందులో కటాఫ్ తేదీ 2005 డిసెంబర్ 13. వీళ్ళలో చాలామంది వచ్చిందే ఆ తర్వాత. అంటే ఎన్నేళ్ళు సాగుచేసినా పట్టాకి లైన్లో లేరు. కోయలు ఇక్కడ ఎస్టీ లిస్టులో ఉన్నారు, కానీ అటునుంచి వచ్చినవాళ్ళకి ఆ సర్టిఫికెట్ రావాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. కాబట్టి గుడిసెలు ఎప్పుడు తీసెయ్యమంటారో తెలీదు, పిల్లని బళ్ళో వేస్తే ఏ కాగితం అడుగుతారో తెలీదు. పైగా పోడు భూమి దగ్గర లోకల్ కోయలకీ వీళ్ళకీ కొన్ని చోట్ల పడదు. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, కేసులో మళ్ళీ వస్తుంది.

ఏ సమస్యతో వచ్చింది

పాపకి 12 ఏళ్ళు, ఆశ్రమ పాఠశాలలో ఐదో క్లాసు. ఆర్నెల్లుగా ఫిట్స్ అని తీసుకొచ్చారు. వారానికి మూడు నాలుగు సార్లు పడిపోతోంది, ఒక్కోసారి పదిహేను ఇరవై నిమిషాలు, తర్వాత ఏడుపు. రాత్రి మంచం మీద కాకుండా మంచం కింద పడుకుంటుంది, మధ్యలో లేచి చెవులు మూసుకుని కూర్చుంటుంది. క్లాసులో నోరు విప్పదు, కానీ లెక్క బోర్డు మీద వేస్తే పోయి చేసేస్తుంది, అంటే బుర్ర బాగానే ఉంది. ఈమెని చూసి డార్మిటరీలో ఇంకో ఇద్దరు పిల్లలు కూడా పడిపోవడం మొదలెట్టేసరికి హెచ్ఎం గారికి కంగారు పుట్టింది, హాస్టల్‌కి గాలి సోకిందని పుకారు లేచింది, కొంతమంది తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుపోతామన్నారు.

మా దగ్గరకి వచ్చేసరికే మూర్ఛ మందు సోడియం వాల్‌ప్రోయేట్ నడుస్తోంది, డోస్ ఒకసారి పెంచారు కూడా. ఈఈజీ (మెదడు కరెంటు పరీక్ష) నార్మల్, సీటీ స్కాన్ నార్మల్. ముందు చూసిన డాక్టర్ ఆలోచన నాకు తప్పనిపించలేదు. ఈ ఏరియాలో చిన్నప్పుడు మెదడుకెక్కిన మలేరియా వచ్చి తర్వాత నిజంగానే మూర్ఛ వచ్చే పిల్లలుంటారు, పాపకి కూడా నాలుగైదేళ్ళప్పుడు పెద్ద జ్వరం వచ్చి స్పృహ తప్పిందని రాసుంది. నార్మల్ ఈఈజీ వచ్చినంత మాత్రాన మూర్ఛ లేదని తేల్చలేం. కాబట్టి మందు మొదలుపెట్టడం సబబే. అసలు ప్రశ్న మందు వేసినా ఎందుకు తగ్గట్లేదు అన్నది.

వార్డెన్ గారు ఫోన్‌లో తీసిన వీడియో ఉంది. (తల్లి ఒప్పుకున్నాక చూశాం, చూశాక ఆయన ఫోన్లోంచి తీయించేశాం, ఎందుకంటే అప్పటికే ఒకరిద్దరికి ఫార్వర్డ్ అయింది.) అందులో కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది, రెప్ప తెరవబోతే ఇంకా బిగిస్తోంది, తల అటూ ఇటూ ఊపుతోంది, కదలికలు మధ్యలో ఆగి మళ్ళీ మొదలవుతున్నాయి, నాలుక కొరుక్కోలేదు, లేచాక మత్తు లేదు, వెక్కివెక్కి ఏడుపు. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు, అన్నీ కలిపి చూస్తే మాత్రం మూర్ఛ కన్నా డిసోసియేటివ్ సీజర్స్ వైపే మొగ్గుతుంది. అంటే నటన కాదు, కావాలని చేసేది అసలు కాదు, భరించలేని భయం వచ్చినప్పుడు ఒళ్ళు స్విచ్ ఆఫ్ చేసుకునే పద్ధతి. ఈ మాట హెచ్ఎం గారికి ఒకటికి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది, ఎందుకంటే "మూర్ఛ కాదు" అనగానే "అయితే యాక్షనా మేడమ్" అన్నారు.

మందు వెంటనే ఆపించలేదు. రెండూ కలిసి ఉండే పిల్లలుంటారు, ఒక్కసారిగా ఆపితే ఉన్న మూర్ఛ బయటపడొచ్చు. కానీ వాల్‌ప్రోయేట్‌తో ఎక్కువకాలం ఆడపిల్లని వదిలేయడం కూడా నాకు ఇష్టం లేదు. ఆ మందు మీదుండగా గర్భం వస్తే నూటికి పది మంది దాకా బిడ్డల్లో అవయవ లోపాలు, 30 నుంచి 40 శాతం మందిలో ఎదుగుదల సమస్యలు వస్తాయి, ఇక్కడ పదహారు పదిహేడుకే పెళ్ళిళ్ళు జరిగిపోతాయి. న్యూరాలజిస్ట్‌తో ఫోన్‌లో మాట్లాడి, పడిపోవడాలు ఏ టైంలో ఏ సందర్భంలో అన్నది రాసి పంపుతాం, అది చూసి తగ్గించాలో లేదో ఆయనే చెప్తారు అని అనుకున్నాం. ఈలోపు రక్తం చూస్తే హిమోగ్లోబిన్ 8 చిల్లర, పుట్టుకతో వచ్చే రక్త జబ్బు సికిల్ సెల్ లేదు. ఐరన్ మొదలుపెట్టాం. నీరసం వల్ల కూడా పిల్లలు ప్రేయర్‌లో కూలిపోతారు, అది పక్కన పెట్టి ట్రామా, అంటే మనసుకి తగిలిన పెద్ద దెబ్బ, అని పరిగెత్తితే పరువు పోతుంది.

ఫారం చెప్పింది, చెప్పనిది

మా టీమ్‌లో సోషల్ వర్కర్ ఏసీఈ ఫారం నింపారు, అదే చిన్నప్పటి చేదు అనుభవాల లిస్టు. ఇది ఎక్కడ పుట్టిందో చెప్తా, ఎందుకంటే కేసు మలుపు అక్కడే ఉంది. అమెరికాలో శాన్ డియాగోలో 1995 నుంచి 97 దాకా కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థలో ఫెలిట్టి, ఆండా అనే ఇద్దరు డాక్టర్లు 17 వేల మందికి పైగా పెద్దవాళ్ళని చిన్నప్పటి సంగతులు అడిగారు. కొట్టారా, తిట్టారా, లైంగికంగా వేధించారా, పట్టించుకోలేదా, ఇంట్లో తాగుడుందా, అమ్మానాన్న విడిపోయారా, ఇంట్లో ఎవరైనా జైలుకెళ్ళారా, ఇలాంటివి. నాలుగు అంతకన్నా ఎక్కువ ఉన్నవాళ్ళలో మద్యం, డ్రగ్స్, డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నం, ఇవన్నీ ఏవీ లేనివాళ్ళతో పోలిస్తే 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. చాలా గొప్ప పని, నేనేం తీసిపారేయట్లేదు. కానీ అడిగిన మనుషులెవరు? నాలుగింట మూడొంతులు తెల్లవాళ్ళు, ఎక్కువమంది కాలేజీ ముఖం చూసినవాళ్ళు, అందరికీ ఆరోగ్య బీమా ఉంది. అలాంటి ఇళ్ళలో పిల్లకి కష్టం వస్తే ఎక్కువగా ఇంట్లోంచే వస్తుంది, అందుకే ప్రశ్నలన్నీ ఇంటి గడప లోపలే తిరుగుతాయి.

మా పాపకి స్కోరు 3 వచ్చింది. ఏమేంటి ఆ మూడు? తండ్రి ఇప్పసారా తాగుతాడు, ఒకటి. తల్లిదండ్రులు మిరప కోతలకి నెలల తరబడి పోతారు, పిల్లలు నాయనమ్మ దగ్గర, కాబట్టి పట్టించుకోకపోవడం, రెండు. తల్లి ఎప్పుడూ దిగులుగా ఉంటుంది, ఇంట్లో మానసిక సమస్య, మూడు. ఫైల్లో "డిస్‌ఫంక్షనల్ ఫ్యామిలీ, ట్రైబల్ బ్యాక్‌గ్రౌండ్" అని ఒక లైను పడిపోయింది. ఆ లైను చూసినవాళ్ళెవరికైనా ఏం తోస్తుంది? పిల్లని ఇంటికి దూరంగా ఉంచితేనే మంచిదని తోస్తుంది. హెచ్ఎం గారు కూడా అదే అన్నారు, సెలవులకి కూడా హాస్టల్లోనే ఉంచేద్దాం, ఇంటికెళ్తే పాడైపోతుంది అని.

నాకు ఆ లైను నచ్చలేదు, కారణం సెంటిమెంట్ కాదు, టైమింగ్. తండ్రి తాగడం, కోతలకి పోవడం పాప పుట్టినప్పటి నుంచీ ఉన్నవే. పడిపోవడం ఆర్నెల్ల కిందట మొదలైంది. సెలవులకి ఇంటికెళ్ళిన రెండు వారాల్లో ఒక్కసారి కూడా పడలేదని అటెండెన్స్ పక్కన వార్డెన్ రాసుకున్న నోట్‌లో ఉంది. ఇల్లే జబ్బు అయితే ఇంటి దగ్గర ఎక్కువవ్వాలి కదా.

పని చేయనివి

మొదట లోకల్ కోయ కాంట్రాక్ట్ టీచర్‌ని దుబాసీగా పెట్టుకున్నాం. మంచి మనిషి, భాష దాదాపు కలుస్తుంది, పేపర్ మీద చూస్తే సరైన ఎంపికే. పాప ఆయన ఉన్నంతసేపూ నేలకేసి చూసింది, తల్లి అన్నిటికీ "బాగనే ఉన్నం సారు" అంది. తర్వాత తెలిసిందేంటంటే ఆయన ఊరికీ వీళ్ళ గుంపుకీ (అంటే వీళ్ళ గుడిసెలున్న చోటుకీ) పోడు దగ్గర గొడవ నడుస్తోంది. గుడిసెల మీద కంప్లైంట్ ఇచ్చింది ఆ ఊరివాళ్ళే అని వీళ్ళ అనుమానం. నిజమో కాదో నాకు తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు, ఆ అనుమానం ఉన్నంతకాలం ఆ గదిలో ఎవరూ ఏమీ చెప్పరు. మన రిజిస్టర్‌లో ఇద్దరూ కోయలే.

రెండోది, ఊపిరి ఎక్సర్‌సైజ్. కళ్ళు మూసుకుని మెల్లగా గాలి పీల్చు అని చెప్పగానే పాపకి ఒళ్ళు బిగుసుకుంది, రెండు నిమిషాల్లో పడిపోయింది. డిసోసియేషన్ ఉన్న పిల్లల్ని కళ్ళు మూసుకోమనడం అంటే ఆ పల్లంలోకే తోయడం. కళ్ళు తెరిచి, కాళ్ళు నేలకి తాకిస్తూ, చేతిలో తడిగుడ్డ పట్టుకుని, కనిపించేవి పేర్లు చెప్పడం మొదలెట్టాక పరిస్థితి మారింది, అదీ కోయ భాషలోనే, తెలుగులో చెప్పమంటే మళ్ళీ పరీక్షలాగా బిగుసుకుపోయేది.

మూడోది బడివాళ్ళు సొంతంగా చేసిన కౌన్సెలింగ్. డార్మిటరీ పిల్లలందర్నీ కూర్చోబెట్టి ధైర్యంగా ఉండాలి అని ఒక గంట క్లాసు. దాని తర్వాత ఆ వారం ఎక్కువమంది పడ్డారు. అందరి ముందూ పడిపోవడం గురించే మాట్లాడితే అందరి కళ్ళూ దాని మీదే పడతాయి. మేం చెప్పింది దానికి పూర్తిగా ఉల్టా: పడితే ఒకే ఒక్క టీచర్ పక్కన కూర్చోవాలి, మిగతావాళ్ళని బయటికి పంపేయాలి, ఉల్లిపాయలు ఇనుప తాళాలు ముక్కు దగ్గర పెట్టొద్దు, వీడియో తీయొద్దు, లేచాక ఏమైందని ప్రశ్నలేయొద్దు, నీళ్ళిచ్చి క్లాసుకి పంపేయాలి. మిగతా ఇద్దరు పిల్లలకి దీంతోనే పూర్తిగా తగ్గిపోయింది. అంటే ఆ ఇద్దరిదీ ఈ పాపదీ ఒకే సమస్య కాదు.

వంటామె చెప్పిన మాట

పడిన రోజులు, టైం రాస్తున్నాం గానీ నాకేం ప్యాటర్న్ దొరకలేదు. ప్రేయర్, క్లాసు, అన్నం టైం, అన్నిట్లో ఉన్నాయి. వంటామె అంది, "ఆ మట్టి బండి వచ్చిన రోజే పడతది మేడమ్, అది రాకపోతే పడదు." కాంపౌండ్ గోడకి పునాది తవ్వడానికి జేసీబీ వస్తోంది, బిల్లులు ఆగినప్పుడల్లా ఆగిపోయి మళ్ళీ వస్తోంది. కాంట్రాక్టర్ దగ్గర డేట్లు తీసుకుని మా నోట్ పక్కన పెడితే ఆవిడ చెప్పింది దాదాపు అక్షరాలా నిజం. ఒకట్రెండు మాత్రం కలవలేదు, అవి పక్క రోడ్డు మీద ట్రాక్టర్ పోయినవని తర్వాత తేలింది. ఈ కాగితం చూశాకే న్యూరాలజిస్ట్ వాల్‌ప్రోయేట్ మెల్లమెల్లగా తగ్గించడానికి సరే అన్నారు. మూర్ఛ జేసీబీ బిల్లుల్ని బట్టి రాదు కదా.

దుబాసీని మార్చాం. వలస గుంపుల పిల్లలకి బ్రిడ్జ్ స్కూల్లో చెప్పే ఒక అమ్మాయి, అదే భాష, అదే వలస. దీనికీ రిస్క్ ఉంది. చిన్న సమాజం, అందరూ అందరికీ చుట్టాలే, గదిలో మాట బయటికి పోయే అవకాశం ఎక్కువ. అందుకే ముందే తల్లిని అడిగాం, ఈ అమ్మాయి పర్లేదా, ఏ విషయం ఈమె ముందు మాట్లాడొద్దనుకుంటున్నావ్ అని. తల్లి ఒక చుట్టం పేరు చెప్పి, ఆ ఇంటికి మాత్రం తెలియొద్దంది. ఆ అమ్మాయికి కూడా నెలనెలా కూర్చోబెట్టి మాట్లాడేవాళ్ళం, ఎందుకంటే ఆమె దుబాసీగా చెప్తున్న కథ చాలావరకు ఆమె కథే.

పాప ఆమెని అక్కా అని పిలవడం మొదలెట్టాక, ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. రెండేళ్ళ కిందట తెల్లారేసరికి గుంపు మీదకి మనుషులొచ్చారు, వెనక జేసీబీ, ట్రాక్టర్లు. గుడిసెలు తోసేశారు, పోడు చుట్టూ కందకం తవ్వారు. నాయనమ్మ గుడిసెలోంచి గింజల గంప తీసుకోడానికి వెనక్కి పోయింది, పాప ఆమె లోపలే ఉండిపోయిందనుకుంది. నాయనమ్మకి ఏమీ కాలేదు నిజానికి, ఇంకో పక్క నుంచి బయటికొచ్చింది, కానీ పాప ఆ సంగతి సాయంత్రం దాకా తెలీకుండా అడవిలో దాక్కుంది. ఆ తర్వాత కొన్ని వారాలకే, గుంపులో ఉంటే ప్రమాదమని, హాస్టల్లో తిండైనా ఉంటుందని తల్లిదండ్రులే తెచ్చి చేర్చారు. కాబట్టి పాప లెక్కలో ఆ రోజూ హాస్టలూ ఒకే కథ. ఏడాదిన్నర బాగానే నెట్టుకొచ్చింది, గోడ పని మొదలయ్యేసరికి ఒళ్ళు తిరగబడింది.

తల్లి దిగులుకి వేరే కథ ఉంది. అటునుంచి నడిచొచ్చేటప్పుడు దారిలో పెద్దకొడుకు జ్వరంతో పోయాడు. అది పాప పుట్టకముందు సంగతి. ఇంట్లో ఆ పేరు ఎత్తరు. పాపకి అన్న ఉన్నాడని తెలుసు, ఎలా పోయాడో తెలీదు, జేసీబీ వచ్చిన రోజు అమ్మ కేకలేసింది మాత్రం ఆ పాత పేరు పెట్టి.

ఇప్పుడు ఆ 3 స్కోరుని మళ్ళీ చూడండి. ఇప్పసారా పండక్కి, చావుకి, పెళ్ళికి ఉంటుంది, ఆ తండ్రి తాగి పిల్లని కొట్టిన దాఖలా ఎక్కడా లేదు. నాయనమ్మ దగ్గర వదిలేయడం పట్టించుకోకపోవడం కాదు, పాపకి ప్రపంచంలో అందరికన్నా గట్టి ఆసరా ఆ ముసలావిడే. తల్లి దిగులు నిజమే గానీ అది ఆమె జబ్బు అని రాసి వదిలేస్తే కొడుకు చావు ఫైల్లో ఎక్కడా ఉండదు. గుడిసెలు కూలడం, అడవిలో దాక్కోవడం, ఎప్పుడు ఏ కాగితం అడుగుతారో అనే భయం, భాష రాని బడి, వీటికి ఆ లిస్టులో గడే లేదు. సున్నా.

ఇది మా ఏజెన్సీ సమస్య మాత్రమే కాదు. ఫిలడెల్ఫియాలో 2012-13లో ఇదే లిస్టుకి ఐదు కలిపి అడిగారు: జాతి వివక్ష, కళ్ళముందు హింస చూడటం, భద్రత లేని వీధి, తోటిపిల్లల వేధింపు, సొంతిల్లు కాక వేరే ఇంట్లో పెంపకం (ఫోస్టర్ కేర్). పాత లిస్టుతో ఒక్కటీ లేనట్టు కనపడే, కొత్తవి కలిపితేనే బయటపడే మనుషులు దాదాపు 14 శాతం తేలారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫారంలో కూడా ఇంటి బయటి హింస, యుద్ధం లాంటి సామూహిక హింస మీద ప్రశ్నలున్నాయి, కానీ అది 18 దాటినవాళ్ళకి. ప్రశ్నల వరకు అరువు తెచ్చుకోవచ్చు, స్కోరుగా వాడకూడదు. ఆ మాటకొస్తే మొదటి స్టడీ చేసిన ఆండానే 2020లో రాశారు, ఈ స్కోరు జనాభాని అర్థం చేసుకోడానికి, ఒక్కో మనిషిని తూచడానికి కాదని.

ఏది పని చేసింది

గోడ పని ఆపించలేం. కానీ జేసీబీ వచ్చేరోజు ముందు సాయంత్రమే పాపకి చెప్పడం, ఆ రోజు క్లాసులో తలుపు పక్కన కూర్చోబెట్టడం, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వంటింటికి వెళ్ళే పర్మిషన్, ఇవి పైసా ఖర్చు లేనివి. ముందే తెలియడం అనేది ఎంత పని చేస్తుందో నాకు ఈ కేసులోనే బాగా అర్థమైంది, మొదటి రెండు వారాల్లోనే పడడాలు సగానికి తగ్గాయి, ఇంకా థెరపీ మొదలుకాలేదు అప్పటికి.

రెండోది ఇంటి రాకపోకలు. హెచ్ఎం గారితో ఇది పెద్ద చర్చే అయింది. ఇంటికెళ్తే తిరిగిరాదు అన్నది ఆయన భయం, డ్రాపౌట్ లెక్క ఆయన నెత్తిన పడుతుంది, ఆ భయం ఉత్తది కాదు. మేం పడిన రోజుల కాగితమే చూపించాం, ఇంటి దగ్గర సున్నా ఉంది. పదిహేను రోజులకోసారి శనివారం నాయనమ్మ వచ్చి తీసుకెళ్ళేలా, సోమవారం తిరిగి దింపేలా ఒప్పందం. తప్పించుకుపోలేదు, సోమవారాలు లేటయ్యేది అంతే. డార్మిటరీలో వరసకి చెల్లెలయ్యే పిల్లని పక్క మంచానికి మార్చాం, మంచం కింద పడుకోవడం దాంతో ఆగింది.

మూడోది వడ్డె, అంటే వాళ్ళ తెగ పూజారి. ఇంట్లోవాళ్ళు పూజ చేయించాలన్నారు, బడివాళ్ళు మూఢనమ్మకం అని వద్దన్నారు, నన్ను తీర్పు చెప్పమన్నట్టు చూశారు. నేను చూసింది రెండే: వాతలు పెట్టడం, పస్తులుంచడం, మందు ఆపించడం ఉందా, లేదా, పిల్లదే తప్పు అని అంటారా, అనరా. రెండూ లేవు. కూలిన గుడిసె దగ్గర వదిలిపెట్టి వచ్చిన పెద్దల్ని కొత్త చోటుకి పిలుచుకోవడం ఆ పూజ, గుంపంతా కూర్చుంది, చనిపోయిన అన్న పేరు కూడా అక్కడ పిలిచారట. దాని వల్ల ఎంత, మా వల్ల ఎంత తగ్గిందో విడదీసి చెప్పలేను, నాకు ఆ అవసరం కూడా కనపడలేదు.

ఆ తర్వాతే జ్ఞాపకం మీద పని. పిల్లలకి చేసే నెరేటివ్ ఎక్స్‌పోజర్ పద్ధతి ఉంది, తాడు పరిచి పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా జీవితం దాని మీద పెట్టడం, మంచికి పువ్వు, చెడుకి రాయి. శ్రీలంకలో యుద్ధం, సునామీ రెండూ చూసిన తమిళ పిల్లల్లో దీన్ని వాడి చూశారు, ఇంకో గుంపుకి ధ్యానం, రిలాక్సేషన్ ఇచ్చారు, రెండు గుంపుల్లోనూ బాగా తగ్గింది. మరి నేను ఇదే ఎందుకు ఎంచుకున్నానంటే, కళ్ళు మూసుకునేవేవీ ఈ పాపకి పడవు, రాయీ పువ్వూ తాడూ అయితే చేతుల్లో ఉంటాయి, చదువు అక్కర్లేదు, భాష తక్కువైనా నడుస్తుంది. బడిలో కాకుండా గుంపు దగ్గర, నాయనమ్మ పక్కన కూర్చుని చేశాం. పాప పువ్వులు పెడుతుంటే నాకు ఆశ్చర్యం వేసింది, కొత్తల పండగ, బీర తీగ, ఏట్లో చేపలు పట్టడం, పువ్వులే ఎక్కువ. కూల్చిన రోజు మీదకి వచ్చేసరికి మెల్లగా, ఎక్కడ నిలబడ్డావ్, కాళ్ళకింద ఏముంది, అప్పుడు ఏం వాసన, ఇప్పుడు ఇక్కడ ఏం వాసన, అలా. సాయంత్రం నాయనమ్మ కనిపించిన దాకా కథ ప్రతిసారీ పూర్తి చేశాం. మధ్యలో ఆపేస్తే నాయనమ్మ లోపలే ఉండిపోయిన చోట ఆగుతుంది కథ, అది చాలా డేంజర్.

నాలుగు నెలలు తిరిగేసరికి పడిపోవడం నెలకి ఒకటికి వచ్చింది, తర్వాత ఆగింది. మందు పూర్తిగా ఆపేశారు, మూర్ఛ రాలేదు. క్లాసులో మాట్లాడటం మాత్రం అంత తొందరగా రాలేదు.

మళ్ళీ ఎందుకొచ్చింది

ఆ వేసవి తర్వాత గుంపు ఖాళీ చేయమని ఇంకోసారి మాట వచ్చింది. వారంలో పాప రెండుసార్లు పడింది. ఒక కొలీగ్ రిలాప్స్, అంటే జబ్బు తిరగబెట్టింది, అని రాయబోయారు. నేను వద్దన్నాను. పాత భయం కాదది, ఉన్న భయం. థెరపీలో మనం మామూలుగా చెప్పే మాట "అది అయిపోయింది, ఇప్పుడు నువ్వు సేఫ్". ఈ పాపకి ఆ మాట చెప్తే అబద్ధం అవుతుంది, ఒకసారి అబద్ధం చెప్పాక నన్ను ఎందుకు నమ్ముతుంది? దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన (అపార్తీడ్) కాలంలో 1980లలో అక్కడి సైకాలజిస్టులు ఇదే చిక్కు ఎదుర్కొని, ఆగకుండా నడిచే ట్రామాకి వేరే రకంగా పనిచేయాలన్నారు. మేం గురి మార్చాం: బడి జేసీబీ ఏది, గుంపు జేసీబీ ఏది, రెండూ విడదీయడం. నిజంగా వస్తే ఎవరి దగ్గరికి పరిగెత్తాలి, నాయనమ్మ ఎక్కడ నిలబడుతుంది, ఫోన్ ఎవరికి చెయ్యాలి, అది కుటుంబంతో కూర్చుని తేల్చుకోవడం. ప్లాన్ ఉన్నాక నిద్ర పట్టింది పాపకి. మాట వచ్చింది గానీ ఆ ఏడు ఎవరూ రాలేదు.

జాతి, తెగ తేడాల గురించి నాకు అర్థమైనంత

ఆదివాసీ పిల్లలకి డిప్రెషన్‌లు గట్రా ఉండవు, ఆడుతూ పాడుతూ ఉంటారు అనేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ ఇళ్ళే అంత అనేవాళ్ళూ ఉన్నారు, ఒకే స్టాఫ్‌రూమ్‌లో రెండూ విన్నా. రెండిటికీ మన దగ్గర లెక్కల్లేవు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, అందులో ఆంధ్రా లేదు, తెలంగాణా లేదు.

లెక్కలున్న అమెరికాలోనూ వాటిని చదవడం అంత తేలిక కాదు. 2016 పిల్లల సర్వేలో కనీసం ఒక చేదు అనుభవం ఉన్న నల్లజాతి పిల్లలు 61 శాతం, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళు) 51, తెల్లవాళ్ళు 40, ఆసియావాళ్ళు 23. ఇది చూస్తే నల్లవాళ్ళకి జబ్బులు కూడా అంత ఎక్కువ ఉండాలి కదా? 2007లో వచ్చిన ఒక పెద్ద స్టడీలో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మేజర్ డిప్రెషన్ వచ్చినవాళ్ళు తెల్లవాళ్ళలో 17.9 శాతం, ఆఫ్రికన్ అమెరికన్లలో 10.4. కానీ ఒకసారి వచ్చాక అది పోకుండా పాతుకుపోవడం తెల్లవాళ్ళలో 39 శాతం లోపు, ఆఫ్రికన్ అమెరికన్లలో 56 దాటింది. మొదటి నంబరు ఒక్కటే చూస్తే వాళ్ళు గట్టివాళ్ళు, ఏం అక్కర్లేదంటాం. రెండోది చూస్తేనే వైద్యం అందకపోవడం, ఒత్తిడి ఆగకపోవడం గుర్తొస్తాయి. మా పాప గుంపుకీ అదే వర్తిస్తుందని నేననను, అక్కడ చరిత్ర వేరు. కానీ తెగ పేరు చూసి నిర్ణయం తీసుకోకుండా, కష్టం ఎటునుంచి వచ్చింది, ఆసరా ఎటుంది అని విడివిడిగా అడగడం మాత్రం ఎక్కడైనా చేయొచ్చు. ఈ పాపకి కష్టం బయటనుంచి, ఆసరా ఇంట్లోంచి. మా ఫారం తలకిందులుగా పట్టుకుంది.

ఇప్పుడు మా కేస్ షీట్‌లో కొన్ని ప్రశ్నలు కలిపాం: ఈ ఊరికి ఎప్పుడొచ్చారు, ఎందుకు, ఇల్లు ఎప్పుడైనా పోయిందా, బడిలో మొదటి రోజు మాట్లాడింది ఎవరికైనా అర్థమైందా, కష్టం వస్తే ముందు ఎవరి దగ్గరికి పోతావ్. స్కోరు వేయం.

ఒక విషయంలో మా టీమ్‌లో ఇంకా గొడవ నడుస్తోంది, అది లెటర్ల సంగతి. బోనఫైడ్ కోసం, బడి మారడానికి కులం కాగితం అడిగినప్పుడు టైం ఇమ్మని, కుటుంబం అడిగితే నేను లెటర్ రాసిస్తా. మా సీనియర్ ఒకాయన ఇది క్లినిక్ పని కాదు, సోషల్ వర్కర్‌కి వదిలెయ్ అంటారు. పాప నిద్ర ఆ కాగితం మీద ఆధారపడి ఉన్నప్పుడు నా పనే అని నా వాదన. అయితే డయాగ్నోసిస్ మాత్రం అందులో రాయను. పిల్ల ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా వైద్యంలో ఉంది, చదువు మధ్యలో ఆగితే ఆరోగ్యానికి నష్టం, అంతవరకే. గుంపు ఎక్కడుందో కూడా రాయను, ఆ లెటర్ ఎన్ని చేతులు మారుతుందో మనకి తెలీదు. ఒక కాపీ తల్లికిచ్చి, ఇందులో ఏముందో వాళ్ళ భాషలో చదివించి, వేలిముద్ర వేయించుకున్నాకే పంపుతాం.